గోడకు సిమెంటు పూసే ముందు ఏడాది పాటు కొలతలు తీయండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పాత కోటలు, గుళ్లు, కోనేళ్లు, చెరువు కట్టల రాతి గోడల మరమ్మతులకు ఎస్టిమేట్లు వేసే ఇంజనీర్లకు, వాటిని మంజూరు చేసే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీకు పని ఎక్కువ, మనుషులు తక్కువ అని తెలుసు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వస్తున్నాం. మేం రాతి పని, సున్నం పని, సర్వే, మట్టి పరీక్షలు చేసుకునేవాళ్లం. ఇదే విషయం మీద ఇదివరకే అర్జీ ఇచ్చాం. అర్జీకి నంబరు పడింది, జవాబు మాత్రం రాలేదు. ఈలోగా ఒక పాత గోడకు పని జరిగిపోయింది. సందులన్నీ సిమెంటుతో మూసేశారు. జాక్‌హామర్‌తో రంధ్రాలు కొట్టి మామూలు ఇనుప కడ్డీలు దిగేశారు. పైన సిమెంటు రంగు కనబడకుండా ఎర్రమట్టి నీళ్లు చల్లారు. ఆ గోడ ఎక్కడుందో, చేసిందెవరో ఇక్కడ రాయం. ఒకరిని బజారుకీడ్చడం మా పని కాదు. అదే ఎస్టిమేటు ఊరి పేరు మార్చుకుని మరో గోడకు వెళ్తుందేమోనన్నది మా భయం.

మేం చెప్పేదంతా ఒక వరసలో ఉంది. ముందు కొలవండి. తర్వాత నీటికి దారి చూపండి. అప్పటికీ గోడ కదులుతుంటేనే యాంకర్లు, అంటే గోడలోకి రంధ్రం వేసి బిగించే లోహపు కడ్డీలు, వేయండి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

1. గోడ ఏ రకమో ఎస్టిమేటు మొదటి వాక్యంలోనే రాయాలి.

చంద్రగిరి దిగువ కోట గోడలాంటివి పెద్ద పెద్ద బండలను సున్నం లేకుండా పేర్చి, సందుల్లో చిన్న రాళ్లు బిగించినవి. అదే కోటలో రాజమహల్ రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. గుడి ప్రాకారాలు చాలావరకు రెండు పొరల గోడలు: బయట ఒక వరస చెక్కిన రాళ్లు, లోపల ఒక వరస, నడుమ మట్టి, రాతి ముక్కలు, కొద్దిగా సున్నం. కోనేటి గోడలూ చెరువు కట్టల రివిట్‌మెంట్లూ (కట్ట వాలుకు పేర్చే రాతి కట్టుబడి) వెనకున్న మట్టిని మోసేవి. ఈ నాలుగు రకాలకూ జబ్బు వేరు, మందు వేరు. ఎస్టిమేట్లలో మాత్రం నాలుగింటికీ ఒకటే మాట కనిపిస్తుంది: ‘సిమెంట్ పాయింటింగ్ (రాళ్ల సందులను సిమెంటుతో పూడ్చడం), చదరపు మీటరుకు ఇంత’.

సున్నం లేకుండా పేర్చిన గోడకు ఆ సందులే తూములు. వాన నీరు వాటిలోంచి కారిపోతుంది కాబట్టే ఆ గోడ వందల ఏళ్లు నిలిచింది. వాటిని మూసిన రోజు నుంచి అది గోడగా ఉండదు, ఆనకట్టగా మారుతుంది. ఆనకట్టగా నిలబడే శక్తి దానికి ఎవరూ ఇవ్వలేదు.

2. నీటి బరువు లెక్క వేయాలి.

గోడ వెనక నీరు నాలుగు మీటర్ల ఎత్తు నిలిస్తే, గోడ పొడవులో ప్రతి మీటరు మీదా దాదాపు 8 టన్నుల నెట్టుడు పడుతుంది. మట్టి నెట్టుడు దీనికి అదనం. రెండు మీటర్లే నిలిస్తే 2 టన్నులు. ఎత్తు సగమైతే నెట్టుడు నాలుగో వంతుకు పడిపోతుంది. గోడ అడుగున నాలుగు తూములు తెరిపించడం వల్ల వచ్చే లాభం ఎంతటిదో ఇక్కడే తెలిసిపోతుంది. అంత లాభం తెచ్చే యాంకరు ఏదీ లేదు.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో ఏం జరిగిందో అందరం చూశాం. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు నీరు ఊరడంతో కింది పల్లెల జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ డిసెంబరు మొదట్లోనే తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడి రాకపోకలు ఆగాయి. అలాంటి వాన మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎస్టిమేటు వేసేటప్పుడు మార్చి నెలలో ఎండిన గోడను చూసి వేస్తాం, కూలేది నవంబరులో నానిన గోడ.

3. గోడకు పొట్ట ఎందుకు వస్తుందో, ఎంత వస్తే ప్రమాదమో తెలుసుకోవాలి.

రెండు పొరల గోడలో నీరు దిగినప్పుడల్లా నడుమనున్న మట్టి కొంచెం కొంచెంగా కిందికి జారి, అడుగున పేరుకుని, పొరలను పక్కలకు తోస్తుంది. పైన గుల్ల, కింద పొట్ట. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే గుల్లగా ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది. ఏ మేస్త్రి అయినా చెవితో పట్టేస్తాడు. ఆ మచ్చల చుట్టూ సుద్దతో గీత గీసి ఫొటో తీస్తే, అదే మీ మొదటి పటం. ఖర్చు ఒక సుద్దముక్క.

ఇక లెక్క. 1.2 మీటర్ల మందం ఉన్న గోడ ఒక్క ముద్దగా ఉంటే, గోడ బరువు కిందికి దిగే గీత మధ్య నుంచి 20 సెంటీమీటర్లు పక్కకు జరిగేదాకా రాళ్ల మధ్య సందు తెరుచుకోదు. మందంలో ఆరో వంతు అన్న పాత సూత్రమే ఇది. పొరలు విడిపోయిన గోడలో 1.2 మీటర్లు లేవు. 40 సెంటీమీటర్ల పొర ఒకటి విడిగా నిలబడి ఉంది. దానికి ఆరో వంతు అంటే 7 సెంటీమీటర్ల లోపే. కాబట్టి ‘ఇంత మందం గోడకు ఈ మాత్రం వంపు ఏం చేస్తుందిలే’ అన్న మాట, పొరలు కలిసి ఉన్నాయని తేల్చుకున్నాకే అనాలి. పొరలు రెండింటినీ కలిపి పట్టే అడ్డురాళ్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని విరిగాయో లెక్కపెట్టి రాసిన ఎస్టిమేటు మా కంట ఇంతవరకు పడలేదు.

4. కొలతలు. ఈ లేఖలో దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాం, ఎందుకంటే చవకైనదీ ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే.

బీట ఎంత వెడల్పు ఉందన్నది అసలు ప్రశ్న కాదు. రెండు వందల ఏళ్ల కిందట పడి, అప్పటి నుంచి కదలని రెండు సెంటీమీటర్ల బీటతో గోడ హాయిగా ఉండొచ్చు. నెలకు అర మిల్లీమీటరు చొప్పున ఒకే దిక్కుకు తెరుచుకుంటున్న వెంట్రుక బీట మరీ ప్రమాదం. చూడాల్సింది వేగం, దిక్కు. ఆ రెండూ ఒక్కసారి కొలిస్తే తెలియవు.

మన నల్లరాయి, గ్రానైటు, ఎండకు సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. పది మీటర్ల రాతి వరసకు 20 డిగ్రీల తేడా వస్తే 1.6 మిల్లీమీటర్ల వరకు కదలిక ఉంటుంది. గోడ లోపలిదాకా వేడెక్కదు కాబట్టి అంతా కనబడకపోయినా, మేలో తీసిన కొలతకూ డిసెంబరులో తీసిన కొలతకూ ఈ తేడా కలిసే ఉంటుంది. ఎండాకాలంలో బీట మూసుకుంటే గోడ బాగుపడిందనీ, చలికాలంలో తెరుచుకుంటే కూలిపోతోందనీ రిపోర్టులు రాస్తే రెండూ తప్పే. అందుకే కనీసం ఒక పూర్తి ఏడాది కొలతలు కావాలంటున్నాం. ఏడాది తిరిగాక అదే నెలలో, అదే వేళకు తీసిన కొలత మొదటి దానితో కలవకపోతే, అప్పుడది గోడ నిజంగా కదిలిన లెక్క.

20 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తున్న గోడకు మేం సూచించే సరంజామా ఇది. ముఖ్యమైన బీటలు ఆరింటికి, ఒక్కో బీటకు మూడు స్టెయిన్‌లెస్ మేకులు, ముక్కోణంగా: రెండు ఒక పక్క, ఒకటి అవతలి పక్క. మూడు మేకులుంటే బీట తెరుచుకుంటోందా, జారుతోందా అన్నది విడివిడిగా తెలుస్తుంది. రెండే ఉంటే తెలియదు. మేకులను చెక్కిన రాతికి కొట్టకూడదు, సందులోని గట్టి సున్నంలో పెట్టాలి. సున్నం లేని గోడకైతే తర్వాత ఊడదీయగల జిగురుతో చిన్న బిళ్లలు అంటించాలి. కొలవడానికి 0.02 మిల్లీమీటర్ల వెర్నియర్ కాలిపర్ చాలు. గోడ వంపుకు మూడుచోట్ల తూకం గుండు. గాలికి ఊగకుండా గుండును నూనె డబ్బాలో ముంచి ఉంచాలి. టోటల్ స్టేషన్‌తో (దూరం, కోణం కొలిచే సర్వే యంత్రం) చూడటానికి పది రిఫ్లెక్టర్ బిళ్లలు. గోడ వెనక రెండు చిల్లుల పైపులు, నీటిమట్టం చూసేందుకు. ఒక వానమాని. ఒక థర్మామీటరు. గట్టి అట్ట ఉన్న ఒక పుస్తకం. టోటల్ స్టేషన్ తప్ప వీటిలో దేనికీ టెండరు అక్కర్లేదు.

మామూలు నెలల్లో నెలకోసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికోసారి, ఒక్కరోజులో 50 మిల్లీమీటర్ల వాన పడితే మర్నాడు మళ్లీ. ప్రతిసారీ ఎండ గోడ మీద పడకముందే, ఆరు ఏడు గంటల మధ్య. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. కొలత పక్కనే ఉష్ణోగ్రత, ముందువారం వాన, పైపులో నీటిమట్టం రాయాలి. అవి లేని అంకె ఒంటరి అంకె, దేనికీ పనికిరాదు.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాం. బీట కదిలితే పగిలి తెలియజేస్తుందని గోడ మీది సున్నపు పూతకు బీట మీదుగా గాజుముక్క అంటిస్తారు. పూత పొర ఊడితే గాజు పగలదు, రాయి కదిలినా తెలియదు. పగిలినా ఒక్కసారే చెబుతుంది, ఎంతో చెప్పదు, ఎటో చెప్పదు. టోటల్ స్టేషన్‌కు ఆధారంగా పెట్టే బెంచ్‌మార్కును అదే గోడ పునాది మీద పెడతారు. గోడతోపాటు అదీ కుంగితే కొలతలన్నీ ‘కదలిక లేదు’ అనే చూపిస్తాయి. బెంచ్‌మార్కు దూరంగా, గట్టి కొండరాతి మీద ఉండాలి, కనీసం రెండు ఉండాలి. మొదటిరోజు ఫొటోల కోసం కొలత తీసి, రెండోసారి ఎవరూ రారు. కాంట్రాక్టు ముగిశాక పుస్తకం కాంట్రాక్టరు ఇంటికి పోతుంది.

ఖరీదైన పరికరాలు వద్దనడం లేదు. బీట వెడల్పును కొలిచే వైబ్రేటింగ్ వైర్ క్రాక్‌మీటర్లు, వంపును కొలిచే టిల్ట్‌మీటర్లు, ఫైబర్ ఆప్టిక్ సెన్సార్లు గంటగంటకూ కొలత పంపుతాయి. గ్రీసు దేశం ఏథెన్స్‌లో అక్రోపోలిస్ అనే పాత కొండకోట గోడలకు ఆప్టికల్ ఫైబర్లు, భూకంప నమోదు యంత్రాలు పెట్టి చూస్తున్నారు. జనం రోజూ కింద నడిచే గోడలకు మన దగ్గరా కావాలి. అయితే మూడు షరతులు. కేబుళ్లు కోతులకు అందకుండా ఇనుప గొట్టంలో పోవాలి. పిడుగుల నుంచి రక్షణ ఉండాలి. డేటా పాస్‌వర్డు పరికరం అమ్మినవాడి దగ్గర కాకుండా మీ దగ్గర ఉండాలి. సెన్సార్ పెట్టినా చేత్తో కొలిచే మేకులు తీసేయకూడదు; సెన్సార్ పిచ్చి అంకె చూపించినప్పుడు నిజమేదో తేల్చేది అవే.

శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల రాజగోపురం 2010 మే 26న కూలింది. పగుళ్లు పెద్దవవుతున్నాయని గమనించి చుట్టుపక్కల వాళ్లను ముందే తప్పించడం వల్ల ప్రాణాలు దక్కాయి. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. ఆ జిల్లాలోనే మనం ఉన్నాం. పగుళ్లను చూసి జనాన్ని పంపించడం దాకా మనకు చేతనయింది, పగుళ్ల వేగాన్ని ఏళ్ల ముందు నుంచి రాసి పెట్టుకోవడం ఇంకా మన ఎస్టిమేట్లలోకి రాలేదు.

5. యాంకర్లు. తప్పనిసరైనప్పుడు, తెలిసి వేయాలి.

ఘాట్ రోడ్డు బండలను కొండకు బిగించే రాక్‌బోల్టు వేరు, గోడకు వేసే యాంకరు వేరు. కొండరాయి గట్టిది, బోల్టును టన్నుల కొద్దీ బిగించినా తట్టుకుంటుంది. నడుమ గుల్లగా ఉన్న గోడకు అదే బిగింపు ఇస్తే బయటి పొర లోపలికి నలిగిపోతుంది. గోడ యాంకరు పని గోడను వెనక్కి లాగడం కాదు. ఉన్నచోట పట్టి ఉంచడమే. నట్టు చేతి బిగువుకు కొంచెం పైన ఉంటే చాలు.

లోహం సంగతి. మామూలు ఇనుము తుప్పు పడితే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది, రాతిని లోపలి నుంచి చీలుస్తుంది. అక్రోపోలిస్ మీది పార్థినాన్ గుడిలో ఇదే జరిగింది. గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఇంజనీరు నికోలాస్ బలానోస్ మరమ్మతు చేయిస్తూ రాళ్లను కలిపి పట్టడానికి పెట్టిన ఇనుప పట్టీలు తుప్పెక్కి పాలరాతిని పగలగొట్టాయి. 1975 తర్వాత మొదలైన పనిలో వాటిని తీసి టైటానియం వేస్తూ వచ్చారు. అసలు కట్టిన గ్రీకు మేస్త్రీలు మాత్రం ఇనుప పట్టీ చుట్టూ సీసం పోశారు, తుప్పు పట్టకుండా. మనకు టైటానియం అక్కర్లేదు. తుప్పును బాగా తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ కడ్డీ చాలు. కానీ కడ్డీ స్టెయిన్‌లెస్ వేసి, నట్టూ ప్లేటూ మామూలు ఇనుముతో పెడితే, తడిలో ఆ నట్టే ముందు తినేసుకుపోతుంది. బిల్లులో 316 అని రాసి సైటులో ఏం దింపారో అయస్కాంతంతో తేలదు. తక్కువ రకమైన 304 గ్రేడుకూ 316కూ అయస్కాంతం తేడా చూపదు. మిల్లు టెస్ట్ సర్టిఫికెట్లో హీట్ నంబరు (ఏ విడత కరిగించిన లోహమో చెప్పే నంబరు), కడ్డీ మీది నంబరు కలవాలి.

రంధ్రం వేయడం. దెబ్బ కొట్టే యంత్రం వద్దు. ఆ అదురుకు లోపలి మట్టి మరింత జారుతుంది, పక్క రాళ్ల బిగింపు వదులవుతుంది. తిరిగే డైమండ్ కోర్ బిట్ వాడాలి. గ్రానైటుకు బిట్ చల్లారడానికి నీళ్లు తప్పవు, కానీ పైపు వదిలేస్తే గోడ నడుమనున్న మట్టి కొట్టుకుపోతుంది. నీళ్లు కొలిచి పోయాలి, బయటికి వచ్చేవాటిని వాక్యూమ్‌తో లాగాలి, లోపలికి పోయినవీ బయటికి వచ్చినవీ సరిచూడాలి. డ్రిల్లరు ప్రతి పది సెంటీమీటర్లకూ ఏం తగిలిందో రాయాలి: రాయి, మట్టి, ఖాళీ. గోడ లోపల ఏముందో చెప్పే మంచి పత్రం అదే. చాలా చోట్ల ఆ కాగితమే ఉండదు. రంధ్రం వీలైనంతవరకు రెండు రాళ్ల మధ్య సందులో వేయాలి, శాసనం ఉన్న రాతి జోలికి, చెక్కిన బొమ్మ జోలికి పోకూడదు.

బలం లెక్క ఇలా ఉంటుంది. 50 మిల్లీమీటర్ల రంధ్రంలో 600 మిల్లీమీటర్ల పొడవు గ్రౌటు (ఖాళీలు నిండేలా పోసి గట్టిపడనిచ్చే పలుచని ముద్ద) పట్టుకుందనుకుందాం. రంధ్రం గోడ వైశాల్యం దాదాపు 94 వేల చదరపు మిల్లీమీటర్లు. పట్టు చదరపు మిల్లీమీటరుకు 0.2 న్యూటన్లు అనుకుంటే దాదాపు 19 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నుల లోపు. 16 మిల్లీమీటర్ల 316 కడ్డీ సాగడం మొదలవడానికి 40 కిలోన్యూటన్లు కావాలి. అంటే ముందు వదిలేది గ్రౌటు పట్టు. లావు కడ్డీ వేసి ధైర్యపడితే లాభం లేదు. ఆ 0.2 అన్నది మన ఊహ. మధ్యలో ఖాళీ ఉంటే సున్నా కూడా కావొచ్చు. అందుకే పరీక్ష కావాలి. జాకీతో, పని భారానికి ఒకటిన్నర రెట్లు లాగి, పది నిమిషాలు ఆపి, డయల్ గేజీ కదులుతుందో లేదో చూడాలి. కదులుతూనే ఉంటే ఆ యాంకరు లేనట్టే.

గుల్ల గోడలో గ్రౌటు ఎటు పడితే అటు పారిపోకుండా గుడ్డ గొట్టం తొడిగిన యాంకర్లు ఉన్నాయి. గ్రౌటు నిండేకొద్దీ గొట్టం ఉబ్బి రంధ్రం ఆకారానికి సరిపోతుంది. రెండు పొరల గోడలకు ఇవే మేలు.

6. గ్రౌటింగు. తడి గ్రౌటు నీటికన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. ఒకే రోజు రెండు మీటర్ల ఎత్తు నింపితే గోడ లోపల ద్రవం నిలబడి పొట్టను ఇంకా బయటికి తోస్తుంది. గోడలు గ్రౌటింగు రోజునే కూలేది ఇందుకే. అడుగు నుంచి పైకి, రోజుకు అర మీటరు మించకుండా, పంపు లేకుండా గొట్టం ఎత్తు తోనే దిగేలా పోయాలి. తప్పనిసరైతే ఒక బార్ లోపు ఒత్తిడి. సిమెంటు వద్దు, పాత సున్నంలో సల్ఫేట్ ఉప్పులుంటే సిమెంటుతో కలిసి ఉబ్బుతాయి, పైగా సిమెంటు గట్టిగా బిగుసుకుని తడిని బయటికి రానీయదు. గానుగ సున్నం, మెత్తగా జల్లించిన సుర్కీ (ఇటుక పొడి), లేదా హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడే సున్నం) వాడాలి. నానిన గోడలో నవంబరులో ఈ పని పెట్టుకోకూడదు. మార్చి బిల్లుల గడువు కోసం డిసెంబరులో మొదలుపెట్టే అలవాటు మానాలి. సున్నం లేకుండా పేర్చిన గోడకు గ్రౌటింగే చేయకూడదు. జారిన భాగాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, తిరిగి పేర్చడమే దారి.

7. కోనేళ్ల గురించి ఒక్క మాట. పూడిక తీయడానికి మూడు మోటార్లు పెట్టి ఒక రాత్రిలో నీళ్లన్నీ తోడేస్తారు. గోడ వెనక మట్టిలో నీరు అలాగే ఉంటుంది, ముందు ఎదురు ఒత్తిడి పోతుంది, మెట్లూ గోడా లోపలికి పడతాయి. వెనక పైపులో మట్టం చూసుకుంటూ రోజుకు 30 సెంటీమీటర్లకు మించి దించకూడదు.

8. రావి, మర్రి మొక్కలను పీకకూడదు. వేరుతోపాటు రాయీ వస్తుంది. మొదలుకు నరికి, కోసిన చోట మందు పూసి, వేరు చచ్చాక ఆ ఖాళీని సున్నంతో నింపాలి. క్వారీల పేలుళ్ల విషయంలో గనుల భద్రతా విభాగం 1997 సర్క్యులరే చారిత్రక కట్టడాల దగ్గర అదురు 8 హెర్ట్జ్ లోపు సెకనుకు 2 మిల్లీమీటర్లు, 25 హెర్ట్జ్ వరకు 5, ఆపైన 10 దాటకూడదంటోంది. గ్రానైటు క్వారీలకు పేరుబడ్డ జిల్లాలు మనవి. ఈ హద్దు పాటిస్తున్నారో లేదో గోడ దగ్గర యంత్రం పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇవన్నీ తప్పితే నష్టపోయేది ఎవరు? కోట గోడ నీడన మేకలు తోలుకుపోయేవాళ్లు. ప్రాకారం పక్కన పూలూ కొబ్బరికాయలూ అమ్ముకునే ఆడవాళ్లు. వాళ్లకు వేరే చోటు లేదు కాబట్టి పొట్ట వచ్చిన గోడ కిందే తట్ట పెట్టుకుంటారు. క్యూలో గంటల తరబడి గోడకు ఆనుకుని నిలబడే యాత్రికులు. చెరువు కట్ట కింద రెండెకరాలు ఉన్న రైతు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు ఇల్లు కట్టుకోవడానికి వీల్లేదని పురాతన కట్టడాల 2010 సవరణ చట్టం చెబితే తలవంచిన కుటుంబాలు. కట్టడం కోసం వాళ్లు తమ హక్కు వదులుకున్నారు, ఆ కట్టడాన్నే సిమెంటుతో పాడుచేస్తే వాళ్లకేం జవాబు చెబుతాం? ఇక ఖర్చు. సిమెంటు పాయింటింగ్ తీయడం వేయడానికన్నా కష్టం, తీసేటప్పుడు రాతి అంచులు రాలిపోతాయి. ఒకే గోడకు ప్రజల డబ్బు రెండుసార్లు పెడతారు, రెండోసారికి పాత రాయి మిగలదు.

రాతి పనివాళ్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. సందు రాళ్లు బిగించడం తెలిసిన వాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఎస్టిమేటులో ఆ పనికి రేటు లేదు కాబట్టి వాళ్లు అపార్ట్‌మెంట్లకు మెట్ల రాళ్లు పరుస్తున్నారు.

మేం కోరుతున్నవి:

ఒకటి. పాత రాతి గోడల మీద ఇప్పుడు నడుస్తున్న సిమెంటు పాయింటింగ్, సిమెంటు గ్రౌటింగ్, మామూలు ఇనుప కడ్డీల పనులను వెంటనే ఆపండి. కూలే ప్రమాదం ఉన్నచోట చెక్క లేదా ఉక్కు ఊతాలు పెట్టి, కింద జనం రాకుండా కంచె వేయండి. ఊతం తర్వాత తీసేయొచ్చు, సిమెంటు తీయలేం.

రెండు. జనం రోజూ మసలే గోడలతో మొదలుపెట్టి, వచ్చే అక్టోబరులోపు పైన చెప్పిన మేకులు, గుండ్లు, పైపులు పెట్టించండి. ఏడాది కొలతలు జతచేయని యాంకరింగ్ ఎస్టిమేటుకు సాంకేతిక మంజూరు ఇవ్వకండి. అత్యవసరమైతే కారణం రాతపూర్వకంగా ఉండాలి.

మూడు. ఏ కదలికకు ఏం చేయాలో ముందే కాగితం మీద పెట్టండి. ఉష్ణోగ్రత తేడా తీసేశాక నెలకు 0.2 మిల్లీమీటర్లు ఒకే దిక్కుకు మూడు నెలలు సాగితే ఇంజనీరు వచ్చి చూడాలి. వారంలో 1 మిల్లీమీటరు దాటితే ఆ రోజే దారి మూసేయాలి. ఈ అంకెలు మా ప్రతిపాదన. గోడను బట్టి మీరు మార్చండి, అంకె లేకుండా మాత్రం వదలకండి. దారి మూసే అధికారం ఎవరిదో పేరుతో సహా గోడ దగ్గర బోర్డు పెట్టండి.

నాలుగు. వానలకు ముందు, సెప్టెంబరులో, ప్రతి గోడ తూములూ పైకప్పు నీటి దారులూ శుభ్రం చేయించండి. తెరిచిన తూముల సంఖ్య రాసి సంతకం పెట్టించండి.

అయిదు. యాంకర్లు వేస్తే ప్రతి ఇరవైకి ఒకటి, ఎంత చిన్న పనికైనా కనీసం మూడు, మేం చెప్పిన లాగుడు పరీక్షకు పెట్టండి. పరీక్ష కాగితం, డ్రిల్లు రికార్డు, మిల్లు సర్టిఫికెట్ లేని బిల్లు పాస్ చేయకండి.

ఆరు. సందు రాళ్ల బిగింపు, విప్పి పేర్చడం, గానుగ సున్నం పనులకు రేట్లు ఖరారు చేయండి. ఆధునిక పద్ధతి వాడటం తప్పని మేం అనడం లేదు. సంప్రదాయ పద్ధతి చాలనప్పుడు, పనిచేస్తుందని రుజువైన కొత్త పద్ధతి వాడొచ్చని పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 వెనిస్ చార్టరే చెబుతోంది. చాలదని ముందు తేల్చాలి కదా.

ఏడు. కొలతల పుస్తకాలు, ఎస్టిమేట్లు, పరీక్ష ఫలితాలు సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4 కింద అడగకుండానే బయటపెట్టండి. గోడ పక్క ఊళ్లో చదువుకున్న పిల్లలు ఉన్నారు, కాలిపర్ పట్టుకోవడం వాళ్లకు ఒక పూటలో నేర్పొచ్చు. నేర్పే పని మేం ఉచితంగా చేస్తాం. తేదీ, చోటు మీరు చెప్పండి.

ఈ లేఖకు జవాబుగా మాకు సన్మానం అక్కర్లేదు, కమిటీలో కుర్చీ అక్కర్లేదు. ఏడింటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయనిదానికి కారణమేమిటో నెల లోపు రాతపూర్వకంగా చెప్పండి. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు కింద ఒక్కో గోడకు ఒక్కో దరఖాస్తు పెడతాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల రాతి పనివాళ్లు, సున్నం మేస్త్రీలు, సర్వేయర్లు, సివిల్ ఇంజనీర్లు కొందరం